గుమ్మి వెనక చోటు

పసిపిల్ల భయపడి ఏడుస్తుంటే చూసి నవ్వే మనుషులంటే నాకు ఒళ్ళంతా కంపరం. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను, ఎవరి మొహం మీదైనా అంటాను. బంధువుల్లో నాకు నోటిదురుసు మనిషినని పేరొచ్చింది దీనివల్లనే. రానీ. ఏ ఇంటికి పోయినా ఎవరో ఒక పెద్దమనిషి చంటిదాని ముందు కళ్ళు ఉరిమి "బూచోడొచ్చిండు" అంటాడు. అది కింది పెదవి విరిచి వణుకుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "అరె, ఎట్ల జేస్తుందో చూడు" అని ముచ్చటపడి ఇంకోసారి చేయిస్తారు. అట్లాంటి చోట విస్తరి ముందు నుంచి చెయ్యి కడుక్కుని లేచి వచ్చిన పెళ్ళిళ్ళు నాకు కొన్ని ఉన్నాయి.

మా అమ్మాయికి మూడేళ్ళు నిండబోతున్నప్పుడు మొదలైంది ఇదంతా. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. మా ఊరు ఇల్లందు నుంచి అడవి దిక్కుగా పోయే రోడ్డు మీద ఉంటుంది. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు, షిఫ్టును బట్టి మోటారుసైకిలు మీద పోయి వచ్చేవాడు. ఉన్న కొద్దిపాటి చేను మా అత్తమ్మ చూసుకునేది. నేను ముందరింట్లో మిషను వేసుకుని ఊళ్ళోవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని. పెంకుటిల్లు, మట్టిగోడలు, ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చిపోయే వాకిలి. మా ఇంట్లో తలుపు వేసి ఉండటమంటే ఎవరో కాలం చేశారని అర్థం.

ఆ ఏడు పీర్ల పండుగకు మా ఆడబిడ్డ, ఆమె భర్త వచ్చారు. డప్పులు మా వాకిట్లోకి వచ్చేసరికి పిల్ల నా చంకలో ఉంది. పులివేషం కట్టినవాడు మా ఊరివాడే, పిల్లలు గలవాడు. పసిదాన్ని చూసి తనే పక్కకు తప్పుకున్నాడు. మా ఆడబిడ్డ మొగుడికి అది చప్పగా అనిపించింది కాబోలు. నా చంకలోంచి పిల్లను లాక్కుని, రెండు చేతులతో పైకెత్తి, తీసుకుపోయి ఆ రంగులు పూసిన మొహానికి ఆనించాడు. "మామ ఉన్నడు గద, భయమేంది, పులికి ముద్దు పెట్టు" అంటున్నాడు. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. నోరు తెరిచే ఉంది కానీ అందులోంచి ఏడుపు రావడం లేదు. ఊపిరి ఆగిపోయింది. పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి, కళ్ళు పైకి తేలాయి. నేను లాక్కుని వీపు రుద్దుతుంటే, ఎంతకో ఒక కేక బయటికి వచ్చింది. జనం నవ్వు ఆగింది మాత్రం ఆ తరువాత.

అప్పటినుంచి ఏ చిన్న అలికిడికైనా అదే వరస. ఆటో హారను కొట్టినా, ఎవరైనా గొంతు పెంచినా, పళ్ళెం కిందపడినా బిగుసుకుపోవడం, ఊపిరి పట్టడం, నల్లబడటం. రోజు మార్చి రోజు నా ప్రాణం పోయి వచ్చేది.

ఆ పులి మామకు, మా ఆడబిడ్డ మొగుడికి, సిగ్గనేది ఉంటే మళ్ళీ మా గడప తొక్కకూడదు. తొక్కాడు. ఒక్కడూ రాలేదు, ఆ కథను కూడా వెంట తెచ్చుకున్నాడు. గుట్కా నమిలి నమిలి ఇటుకరంగుకు తిరిగిన పళ్ళు బయటపెట్టి, పిల్ల ఎట్లా బిగుసుకుందో, కళ్ళు ఎట్లా తేలేసిందో అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టుకుని అభినయించి చూపేవాడు. మధ్యమధ్య మా గోడ వారన ఉమ్మేవాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడే నయం, వాడు నిప్పు పెట్టలేదు కనక. అతను వెళ్ళాక ఆ గోడ మీది ఎర్రటి మరకల మీద సున్నం కొట్టేదాన్ని. సున్నం కిందనుంచి కూడా అవి కనిపించేవి.

మా అత్తమ్మ సంగతి వేరు. ఆమెకు మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్ల దడుసుకుందని, దడుపు కడుపులో కూర్చుందని, దానికి మందు ఒక్కటేనని ఆమె నమ్మకం. పక్క ఊళ్ళో ఒక ముసలాయన ఉన్నాడు. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి పసిపిల్లల బొడ్డు చుట్టూ వాతలు పెడతాడు. మా అత్తమ్మ పొట్ట మీద ఆ మచ్చలున్నాయి, ఆమె కన్న ఇద్దరి పొట్టల మీదా ఉన్నాయి. మా ఆయన చొక్కా విప్పినప్పుడల్లా అవి కనిపించేవి, నయం కావడం మరిచిపోయినట్టు బిగిసిన చర్మం.

"మేమందరం బతకలేదా? నీ మొగడు బతకలేదా?" అనేది ఆమె. "ఒక్క గడియ ఏడుస్తది. జన్మంత నిమ్మళంగుంటది."

"నా బిడ్డ ఒంటి మీద దబ్బనం పెట్టనియ్య అత్తమ్మా," అన్నాను.

"అయితె నల్లబడి సచ్చేదాక సూస్కుంట కూసో."

నేను పిల్లను తీసుకుని ఖమ్మం బస్సెక్కాను. దవాఖానాలో డాక్టరమ్మ పిల్లను మొత్తం చూసి, ఇది ఫిట్సు కాదంది. కొందరు పిల్లలు భయానికో కోపానికో ఊపిరి పడతారట, పెద్దవుతుంటే పోతుందట. పట్టుకుని ఊపవద్దు, నీళ్ళు కొట్టవద్దు, చుట్టూ మూగవద్దు అని చెప్పింది. "ఇంట్లో ఒక మూల ఆ పిల్లకని వదిలెయ్యమ్మా. చప్పుడు లేని చోటు. భయమైతే తనే పోయి కూర్చోవాలె, నిమ్మళమైతే తనే రావాలె. మీరెవ్వరు లాగొద్దు, తొయ్యొద్దు." మందులు రాయలేదు. మందులు రాయని డాక్టరంటే మా అత్తమ్మ దృష్టిలో డాక్టరే కాదు.

"దీపావళి దాక సూస్త," అంది ఆమె. "తగ్గకపోతే నేనే తీస్కపోత. నువ్వు అడ్డమొస్తె నీ మీదికెల్లి దాటి తీస్కపోత."

మా ఆయన వైపు చూశాను. ఆయన అమ్మ మాటకూ ఔనంటాడు, నా మాటకూ ఔనంటాడు. అప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే తల ఊపాడు.

మా ఇంట్లో మూల దొరకడం మాటలా. నడిమింట్లో వడ్లు పోసే గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి పేడ అలికిన పెద్ద బుట్ట, మనిషెత్తు. దానికీ వెనక గోడకూ మధ్య ఒక మంచం పట్టేంత చోటు. అందులో పాతికేళ్ళ చెత్త. కాలిపోయిన ఫ్యాను, పురుగుపట్టిన విత్తనాల మూటలు, నిరుటి మిర్చి గోతాలు. ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగాను. మిరప ఘాటుకు కళ్ళు మండి, తుమ్ములకు నడుము పట్టేసింది. గోతం ఎత్తితే కింద ఎలుక గూడు, అందులో కళ్ళు తెరవని గులాబీరంగు పిల్లలు. గోడకు అతుక్కుని ఎండిపోయిన బల్లి. ఏదో కారి గడ్డకట్టిన బెల్లం, దాన్నిండా చచ్చిన చీమలు. కానీ ఆ రోత మనుషుల రోతకంటే నయమనిపించింది, చీపురుతో ఊడిస్తే పోతుంది కనక.

ఎర్రమట్టితో అలికాను. పాత చీరలు పరిచి బొంత కుట్టాను, నా పెళ్ళినాటి చీర మెత్తనిదని పైన వేశాను. ఆకుపచ్చ దోమతెర ఒకటి చిరిగింది ఉంటే కోసి, గుమ్మి అంచునుంచి గోడ మేకు దాకా పరదా కట్టాను. లోపల ఒక చాట, ఒక గిన్నె, గిన్నెనిండా చింతగింజలు. పిల్లకు చింతగింజలంటే ఇష్టం. గిన్నెలోంచి చాటలోకి, చాటలోంచి గిన్నెలోకి పోస్తుంటే వచ్చే ఆ గలగల ఒక్కటే ఆమె భయపడని చప్పుడు. బొమ్మలు పెట్టలేదు, గోడకు పటాలు అంటించలేదు. చల్లగా, మసకగా, కొత్త అలుకు వాసనతో ఉండేది. నేనే ఒకటి రెండుసార్లు పిల్ల లేనప్పుడు అందులో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి కోడలుగా వచ్చాక నేను కూడా ఒక్కదాన్నే కూర్చున్నది అక్కడే.

ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. పిల్ల లోపలుంటే పరదా ఎత్తకూడదు. పిలవకూడదు. "ఏం జేస్తున్నవ్" అని అడగకూడదు.

"పసిపిల్లకు పరదానా? నవాబుల బిడ్డనా?" అంది అత్తమ్మ.

పిల్ల మొదట నన్ను కూడా రమ్మంది, పోయి పక్కన కూర్చున్నాను. తరువాత నా కొంగు పట్టుకుని నన్ను బయట ఉంచి తను లోపల ఉంది. ఆ తరువాత కొంగు వదిలింది. ఒకరోజు రోడ్డు మీద పెళ్ళి బ్యాండు పోతుంటే నేను మిషను మీదనుంచి లేచే లోపలే ఆమె పరుగెత్తి పరదాలోకి దూరింది. నేను బయట నిలబడి వింటున్నాను. ఊపిరి పట్టిన నిశ్శబ్దమేమోనని. కాసేపటికి చింతగింజల గలగల వినిపించింది. నేలమీద కూలబడి ఏడ్చాను. బ్యాండు దూరమయ్యాక తనే బయటికి వచ్చి "అమ్మా, బువ్వ" అంది.

అట్లా నల్లబడటం తగ్గుతూ వచ్చింది. పులి మాట ఎత్తితే మాత్రం ఇంకా పెదవి వణికేది. అయినా పిల్ల ఒంటికి కాస్త కండ పట్టింది, రెండు జడలకు ఒప్పుకుంది. దీపావళికి ఇంకా చాలా దినాలుండగానే నేను గెలిచాననుకున్నాను. మా వాళ్ళను నేను తక్కువ అంచనా వేశాను.

ముందు ప్రదర్శన మొదలైంది. ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ నడిమింట్లోకి తీసుకుపోయి చూపేది. "మా కోడలు పిల్లకు రూము కట్టింది." వచ్చినవాళ్ళు పరదా ఎత్తి తల దూర్చేవాళ్ళు. "ఏందే, లోపల ఏం జేస్తున్నవే? బయటికి రా. మళ్ళ పో. ఎట్ల పోతవో చూపించు." నా బిడ్డను లోపలికీ బయటికీ పంపి చూసేవాళ్ళు. ఒక ముసలామె తంబాకు వాసన కొట్టే నోటితో లోపలికి వంగి పిల్ల బుగ్గ గిల్లింది. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాగితే, పెద్దమనిషిని ముట్టుకున్నానని ఊరంతా చెప్పింది.

తరువాత జరిగింది నేను కలలో కూడా ఊహించనిది. గుమ్మికి మా ఇళ్ళలో ఒక మర్యాద ఉంటుంది. కొత్త వడ్లు పోసే రోజు పసుపు రాసి, బొట్లు పెట్టి, దీపం ముట్టించి, చెప్పులు లేకుండా మెలుగుతారు. తిండిగింజ ఉన్నచోట లక్ష్మి ఉంటుందని. అత్తమ్మ ఆలోచించింది. డాక్టరు మందివ్వలేదు, మంత్రగాడు రాలేదు, వాత పెట్టలేదు, పిల్ల బాగైంది. మరి ఎట్లా బాగైంది? ఆమెకు జవాబు గుమ్మిలో దొరికింది.

"గుమ్మెనుక లచ్చిమి తల్లి ఉన్నది. పసిదాన్ని ఒళ్ళె కూసోబెట్టుకున్నది," అని బావి దగ్గర చెప్పింది.

ఒకరోజు పొద్దున లేచేసరికి గుమ్మికి పసుపు పూసి ఉంది. పరదా ముందు నిమ్మకాయ, దీపం. నేను తీసేశాను. మరునాడు రెండు నిమ్మకాయలున్నాయి. వారం తిరక్కుండా ఏడ్చే పిల్లలను చంకనేసుకుని ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. పాలు తాగని పిల్ల, నిద్రపోని పిల్లవాడు, పళ్ళు వస్తూ గుక్కపట్టేవాడు. తెచ్చి నా బిడ్డ బొంత మీద కూర్చోబెట్టేవాళ్ళు. కొత్తచోటు చూసి ఆ పిల్లలు ఇంకా ఏడ్చేవాళ్ళు. అప్పుడు తల్లి వీపు మీద ఒక్కటి వేసేది. "అందరి పిల్లలు ఊకుంటరు, నీకేం రోగం? ఊకో! ఊకో!" అని. చప్పుడు ఉండకూడదని నేను కట్టిన చోట దెబ్బలు, ఏడుపులు, కొబ్బరికాయలు కొట్టిన చప్పుళ్ళు. కొబ్బరినీళ్ళు అలుకు మీద పులిసి, చీమలు బారు కట్టాయి. బొంతంతా ఎవరెవరి పిల్లల ఉచ్చవాసనో. వాడిన నిమ్మకాయలు గుమ్మి కింద కుళ్ళి బూజుపట్టాయి. నా పెళ్ళినాటి చీర మీద దీపం నూనె కారి జిడ్డు గట్టింది. ఎవరో సాంబ్రాణి తెచ్చారు. ఇక పొగ. పొమ్మనలేక పొగబెట్టడమంటారు కదా, మా వాళ్ళు భక్తితోనే పెట్టి నా బిడ్డను పొమ్మన్నారు.

ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు వాంతి వచ్చినంత పనవుతుంది. నిమ్మకాయ కుళ్ళు, సాంబ్రాణి, పులిసిన కొబ్బరి, పసిపిల్లల ఉచ్చ.

మా అమ్మాయి గుమ్మి వైపు పోవడం మానేసింది. నా మిషను కింద, తొక్కుడు పలక పక్కన ముడుచుకుని కూర్చునేది. కుట్టడానికి వీల్లేకుండా నా కాలు పట్టుకునేది. నల్లబడటం మళ్ళీ మొదలైంది. అదేమంటే అత్తమ్మ దగ్గర జవాబు సిద్ధం. "తల్లి ఒడి ఇడిసిపెట్టింది గద, అందుకే."

మింగలేక కక్కలేక ఉన్నాను. ఆ పసుపు బొట్లన్నీ పీకి అవతల పారేద్దామని చెయ్యి దురదపెట్టేది. కానీ గుమ్మి మహిమ ఉన్నంతకాలం అత్తమ్మ దబ్బనం మాట ఎత్తడం లేదు. నేను దాన్ని పడగొడితే ఆ సాయంత్రమే పిల్లను పక్క ఊరికి తీసుకుపోతుంది. ఆ కంపును నా ఇంట్లో నేనే కాపాడుకోవలసి వచ్చింది. నిమ్మకాయలు ఊడుస్తూ పళ్ళు కొరుక్కునేదాన్ని.

దీపావళి ముందు వారం లైనింగు గుడ్డ, దారాలు అయిపోయాయి. పండగ జాకెట్లు నెత్తి మీదున్నాయి. మా ఆయనకు ఆ రోజు సెలవు. పిల్లను ఆయన చేతికి అప్పగించి, "మీ అమ్మ చేతికి ఇయ్యకు, నీ ఒళ్ళోనే ఉంచుకో," అని చెప్పి ఇల్లందు పోయాను. "అవ్, అవ్, నువ్వు పో," అన్నాడు. తిరుగు బస్సు నిండిపోయి వచ్చింది, నిలబడి వచ్చాను.

వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. అరుగు మీద మా ఆయన ఒక్కడే, చేతిలో బండి తాళం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"పిల్ల ఏది?"

తల ఎత్తలేదు. "నేను సూడలేక బయటికొచ్చిన," అన్నాడు.

ఆ మాట అర్థమయ్యేలోపే వాసన వచ్చింది. సాంబ్రాణి కాదు. కాలిన తోలు వాసన.

నడిమింట్లో జనం. గుమ్మి ముందు కుంపటి, అందులో నిప్పులు, నిప్పుల్లో దబ్బనం. పక్క ఊరి ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పరదా ఎత్తి కట్టేశారు. లోపల నా బిడ్డ బొంత మీద మా ఆడబిడ్డ కొడుకు, ఇంకా నడక రానివాడు, వెల్లకిలా పడి ఉన్నాడు. వాడి తండ్రి, ఆ పులి మామే, వాడి కాళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాడు. అప్పటికే వాతలు పెట్టడం అయిపోయింది. వాడి ఏడుపు కూడా అయిపోయింది. గొంతు పోయి, నోరు తెరిచి, ఎక్కిళ్ళు మాత్రం పడుతున్నాడు. ఇప్పుడు ఆ మామ ఇటుకరంగు పళ్ళు కనిపించడం లేదు, మూతి బిగించుకుని ఉన్నాడు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం తల పంకిస్తున్నారు.

"సూసిన్రా, జల్దీ ఊకున్నడు," అంది ఒకామె. "తల్లి మైమ."

మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి, "నిద్ర పోతలేడు వదినా. గీ జాగల పెడితే నొప్పి తెల్వదన్నరు. నీ బిడ్డ నిమ్మళంగున్న జాగనే గద," అంది.

నా బిడ్డ నిమ్మళంగా ఉన్న చోటే. నా చేతులతో అలికిన చోటే.

అప్పుడు చూశాను, మా అమ్మాయిని. అత్తమ్మ ఒళ్ళో ఉంది, వెల్లకిలా. గౌను పైకి మడిచి ఉంది. బొడ్డు చుట్టూ, ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తుకు, తడి పసుపుతో బొట్లు పెట్టి ఉన్నాయి. అత్తమ్మ కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా పిల్ల చేతులు వదలడం లేదు. పిల్ల ఏడవడం లేదు. బిగుసుకుని, కళ్ళు మాత్రం తిప్పి నిప్పుల వైపు చూస్తోంది.

పక్కన నీళ్ళ బిందె ఉంటే ఎత్తి కుంపటి మీద కుమ్మరించాను. చుయ్యిమని పొగ, బూడిద లేచి అందరి మొహాల మీద పడ్డాయి. "అపచారం, తల్లి ముంగట నిప్పు సల్లార్పింది," అని అరిచారు. ముసలాయన నింపాదిగా లేచి నిలబడి, "పిలిస్తెనే వచ్చిన బిడ్డా," అని తువ్వాలు దులుపుకున్నాడు.

పిల్లను లాక్కున్నాను. దీపాన్ని, నిమ్మకాయలను కాలితో తన్నాను. తన్నాను, నిజం. లచ్చిమి తల్లి ఉంటే నన్ను క్షమించి ఉంటుంది, ఆమెకూ ఆ వాసన పడి ఉండదు.

"నడువున్రి," అన్నాను. "అందరు నడువున్రి బయటికి. ఈ పిల్ల ఒంటి మీద ఎవరన్న చెయ్యేస్తే ఆ దబ్బనంతోనే వాళ్ళకు వాత పెడత. అన్నా, ముందు నువ్వు నడువు. నీకు ఎప్పుడో పెట్టవలసింది."

ఆ మామ కొడుకును ఎత్తుకుని తల వంచుకుని దాటిపోయాడు. అత్తమ్మ చివర లేచింది. "నీ బిడ్డ సస్తె నన్నడగొద్దు," అంది. ఆమెను కూడా బయటికి పంపి, పట్టపగలు, జనమంతా చూస్తుండగా, మా ఇంటి తలుపు మూసి గొళ్ళెం పెట్టాను.

పరదా పీకాను. బొంత లాగి అవతల పడేశాను. ఆ చోటు మళ్ళీ ఉత్త నేల అయింది, తడి బూడిదతో. ఆ నేల మీదే పిల్లను ఒళ్ళో వేసుకుని కూలబడ్డాను. పసుపు బొట్లను కొంగుతో రుద్దుతున్నాను. అవి పోవు. పొట్టంతా పచ్చగా అలుముకుంటున్నాయి.

అప్పుడు వచ్చింది ఏడుపు. ముందు పెదాలు నల్లబడ్డాయి, అంతలో ఒక్క కేక. పెంకులు ఎగిరిపోయేంత కేక. పీర్ల పండుగనుంచి ఆమె మింగినదంతా ఒక్కసారి బయటికి వస్తున్నట్టుంది. నా నాలుక చివరికి "ఊకో" వచ్చింది. అలవాటు కదా, మన నోళ్ళన్నిటిలో పిల్లల కోసం దాచిపెట్టిన మాట అదొక్కటే. తల్లులు, తండ్రులు, అవ్వలు, మామలు, వాత పెట్టేవాడు, అందరూ అనేది అదే. ఆ ఎక్కిళ్ళు పడే పసివాడిలో వాళ్ళు చూసి తల పంకించింది కూడా అదే, నోరు మూతపడటం. నిమ్మళం వాళ్ళకు అక్కర్లేదు. నాకు నా మాట మీదే అసహ్యం పుట్టి మింగేశాను.

"ఏడువు బిడ్డా," అన్నాను.

పిల్ల నా జాకెట్టు గుప్పిట పట్టి, కాళ్ళు తన్నుకుంటూ, ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ ఏడుస్తూ, మళ్ళీ ఊపిరి తీసుకుంటూ ఉంది. తలుపు బయట గుసగుసలు. మా ఆయన గొంతు, ఏదో నసుగుతూ. చివరికి అత్తమ్మ అరచేతితో తలుపు బాదింది.

"ఏమైందే పిల్లకు? ఎందుకట్ల ఏడుస్తుంది? ఊకోబెట్టవే, ఊపిరి పడతది!"

"ఏడుపొస్తుంది, ఏడుస్తుంది," అన్నాను లోపలినుంచి, గట్టిగా. "ఏడ్వనియ్యి అత్తమ్మా. ఎంతసేపు ఏడుస్తదో ఏడ్వనియ్యి."

ఆ మాట విని మా అమ్మాయి టక్కున ఆగింది. తడి కళ్ళతో, చీమిడి ముక్కుతో, నా మొహంలోకి తేరిపార చూసింది. నేను నిజంగానే అన్నానో లేదో తేల్చుకున్నట్టుంది. తరువాత నిండా ఊపిరి పీల్చుకుని, ఇంకా గట్టిగా మొదలుపెట్టింది.